నాపరాతి గోడ మీద కంప్యూటర్

మాచవరంలో ఉండే మా బాబాయి మొన్న నరసరావుపేట బస్టాండులో కనపడ్డాడు. బస్సు కదలబోతోంది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు: "ఒరేయ్, మీ ఇంట్లో కంప్యూటర్ ఉండేదంటగా. మద్రాసులో చిన్నవి దొరుకుతున్నయ్యంట, చవకంట, సంచిలో పట్టిద్దంట. ఇంట్లో వాడకానికి పనికొచ్చిద్దా?"

వచ్చిద్దనో రాదనో ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు పాపం, ఆయన అడిగింది చానా మామూలు ప్రశ్న. నేను పళ్ళు కొరుకుతూ నిలబడ్డాను, బస్సు వెళ్ళిపోయింది. మీ అక్క కొడుక్కి ఏదో అయిందని ఈపాటికి మా పిన్నికి చెప్పే ఉంటాడు. అందుకని కూర్చుని, నిదానంగా జవాబు రాస్తున్నాను. నిదానంగా అన్నాను గానీ పెన్ను పాళీ ఇప్పటికే ఒకసారి కాగితాన్ని చించింది.

ఆ కంప్యూటర్ మా ఇంటికి రావడానికి కారణం మా పెదనాన్న కళ్ళు. అప్పటికి నాన్నా, పెదనాన్నా కలిసే ఉన్నారు. నకరికల్లులో ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే జత ఎద్దులు. పెదనాన్న కళ్ళు చూపించుకోడానికి మద్రాసు వెళ్ళాడు. డాక్టరు కళ్ళల్లో చుక్కలు వేసి, సాయంత్రం దాకా అన్నీ మసకగా ఉంటాయి, కదలకుండా పడుకోండి అన్నాడట. మా వంశంలో డాక్టరు చెప్పింది విన్నవాళ్ళు లేరు. ఈయన లేచి ఫారిన్ సామాన్లు అమ్మే వీధికి వెళ్ళాడు. కళ్ళు మసగ్గా ఉన్న మనిషి అలాంటి వీధిలో ఏం కొంటాడో అదే కొన్నాడు.

రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత నల్లటి పలక. పైన రబ్బరు మీటలు, చప్పరించి వదిలేసిన బిళ్ళల్లాగా మెత్తగా. దానికి కరెంటు ఇవ్వడానికి ఎలిమినేటర్ అని ఒక బరువైన డబ్బా. రెండు వైర్లు, ఒక ఇంగ్లీషు పుస్తకం. అన్నీ తువ్వాల్లో చుట్టుకుని బస్సు దిగాడు. షాపువాడు మూడు సంగతులు చెప్పాడట. పిల్లలకు మంచి మార్కులు వస్తాయి. ఇంటి లెక్కలన్నీ అదే చూసుకుంటది. ఎక్కడికంటే అక్కడికి చంకలో పెట్టుకుని పోవచ్చు. ఈ మూడింట్లో చివరిది మాత్రం నిజమేనని మా ఇంట్లో రుజువైంది. చంకలో పెట్టుకుని ఏ గోడ దాకా పోయిందో చెప్పడానికే ఇదంతా.

మొదటి రోజు ఇంట్లో అందరూ దాని చుట్టూ కూర్చున్నారు. పత్తికి తెల్లదోమ ఎప్పుడు తగులుకుంటదో ఇది ముందే చెప్పిద్దా అని నాన్న అడిగాడు. మండలం ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్తే చాలన్నాడు పెదనాన్న. మా నాయనమ్మ దాన్ని కాసేపు చేత్తో నిమిరి, ఇంతకీ ఇది రేడియోనా ఇస్త్రీ పెట్టెనా అంది. అది ఏదీ చెప్పలేదు. టీవీకి తగిలిస్తే ఖాళీ తెర మీద ఒక చిన్న చుక్క ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. మేం దాన్ని చూశాం, అది మమ్మల్ని చూసింది. కాసేపటికి పెద్దమ్మ లేచి పప్పులో ఉప్పు చూడ్డానికి వెళ్ళింది.

బాబాయ్, నిజం చెప్పాలంటే వాడకంలో దానికి ఉన్నన్ని లోపాలు ఏ కొత్త కోడలికీ ఉండవు. దానికి సొంత తెర లేదు. ఇంట్లో ఉన్న ఒక్క టీవీ దానికి ఇచ్చేయాలి. ఆదివారం పొద్దున వీధి వీధంతా మా వసారాలోకి టీవీ చూడ్డానికి వచ్చే రోజుల్లో, వాళ్ళని లేపి తెర మీద చుక్క చూపిస్తే ఏం జరుగుద్దో ఆలోచించుకో. దానికి జ్ఞాపకం లేదు. కరెంటు పోతే అప్పటిదాకా చెప్పిందంతా మర్చిపోతుంది, నకరికల్లులో కరెంటు ఉండటమే విశేషం, పోవడం కాదు. దాచుకోవాలంటే టేప్ రికార్డర్ తగిలించి, పాటలు రికార్డు చేసినట్టు క్యాసెట్ మీదికి ఎక్కించాలి. మళ్ళీ కావాలంటే ఆ క్యాసెట్ వేయాలి. అప్పుడది కీచుమని అరుస్తుంది, అట్లాంటి ఇట్లాంటి అరుపు కాదు. మొదటిసారి విన్నప్పుడు పక్కింటి ఖాసిం మామ, ఆయన మోటార్లు రిపేరు చేస్తాడు, బేరింగ్ పోయిందేమోనని రెంచీ పట్టుకుని వచ్చాడు. ఎండాకాలం అట్లకాడలాగా కాలుతుంది. తెలుగు రాదు. ఇంగ్లీషు కూడా అది చెప్పమన్న పద్ధతిలో చెప్తేనే వింటుంది.

నెల తిరక్కుండానే పెదనాన్న దాని మీద ఆశ వదిలేశాడు. మా అమ్మ దానికొక కుట్టుపూల గుడ్డ కప్పి టీవీ పక్కన పెట్టింది. ఎవరన్నా వస్తే ఆ గుడ్డ ఎత్తి చూపించేవాళ్ళు, వాళ్ళు కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. అది అక్కడితో ఆగితే నాకీ కోపం ఉండేది కాదు.

దాన్ని నిజంగా వాడింది మా అక్క. పెదనాన్న కూతురు. నరసరావుపేటలో బీయెస్సీ చదివి, పాసై, ఇంట్లో ఉంది. ఇంట్లో ఉంది అంటే మా వైపు అర్థం ఏందంటే, తెల్లారి లేచింది మొదలు పడుకునే దాకా అందరి పనులూ చేస్తూ ఖాళీగా ఉందని. అక్క మధ్యాహ్నాలు గుడ్డ తీసి, ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని కూర్చునేది. ముందు దాని చేత తన పేరు చెప్పించింది. తర్వాత దాని చేత ఎక్కాలు అడిగించింది.

ఇదీ అక్క చేసింది: తెర మీద ఏడెనిమిదులు ఎంత అని వస్తుంది. సరిగ్గా కొడితే ఇంకోటి అడుగుతుంది. తప్పు కొడితే తిడుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు తిట్టు. ఆ తిట్లు అక్క కల్పించినవి కావు. మా నాయనమ్మ రోజూ పెరట్లో గాల్లోకి వదిలేసేవి, అక్క ఏరి లోపల పెట్టింది. 'ఏడెనిమిదులు రానోడికి ఎనిమిదో ముద్దెందుకురా.' 'నీకంటే ఆ పొట్టేలు నయం, అడిగితే తలన్నా ఊపిద్ది.' 'మొహం కడుక్కుని రా, లెక్క సిగ్గుపడతా ఉంది.' ఇట్లా చానా ఉన్నాయి. ఏ తిట్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఆ కిటుకు కూడా అక్కదే.

ఇంట్లో పిల్లలూ, వీధిలో పిల్లలూ దాని ముందు బారులు తీరారు. ఎక్కాలు వచ్చినవాళ్ళు కూడా తిట్టు కోసం కావాలని తప్పు కొట్టేవాళ్ళు. కొన్నాళ్ళకు కొత్త తిట్లు రాక, విసుగు పుట్టి, సరిగ్గా కొట్టడం మొదలుపెట్టారు. అట్లా మా వీధికి ఎక్కాలు వచ్చాయి. నాయనమ్మ ఒకరోజు నా చేత తెర చదివించుకుంది. నేను చదివి వినిపిస్తే తన తిట్టు తనే గుర్తుపట్టి, "అది నాదే, మీ తాతను అన్నాను" అంది, ఎంతో గర్వంగా.

కాబట్టి బాబాయ్, పనికొచ్చిద్దా అంటే, పనికొచ్చింది. ఒకరి చేతిలో పడ్డప్పుడు పనికొచ్చింది. ఇక్కడితో ఆపేసి నీకు కార్డు ముక్క రాసి పోస్టు చేయొచ్చు. కానీ ఆ పైన మండలం ఎన్నికలొచ్చాయి.

నాన్న ఒక కండువా వేసుకున్నాడు, పెదనాన్న ఇంకో కండువా వేసుకున్నాడు. మా వైపు కండువా మారితే టీ కొట్టు కూడా మారుతుంది. ఈ పార్టీ వాళ్ళు ఈ కొట్లో తాగాలి, ఆ పార్టీ వాళ్ళు ఆ కొట్లో తాగాలి. ఒకే ఇంట్లోంచి ఇద్దరూ పొద్దున్నే లేచి, చెరో కొట్టుకు వెళ్ళి, ఒకే డెయిరీ పాలతో కాచిన టీ తాగి, ఒకరి మీద ఒకరు మండిపడుతూ తిరిగొచ్చేవాళ్ళు. ఇద్దరి మనుషులూ ఓడిపోయారు, గెలిచింది ఇంకెవరో. అయినా ఇద్దరూ ఓటమికి కారణం పక్క గదిలో ఉందన్నారు. పొయ్యిలు విడిపోవాలన్నారు.

పంపకాలు చేయడానికి ముప్పాళ్ళ నుంచి మా నాయనమ్మ తమ్ముణ్ణి పిలిపించారు. మేం ముప్పాళ్ళ తాత అంటాం. మంచివాడు. ఇందులో అందరూ మంచివాళ్ళే, అదే నా బాధ. మా వైపు పద్ధతి ఏందంటే, ఇంట్లో సామానంతా వాకిట్లోకి తెచ్చి పెద్దవాడు రెండు వాటాలుగా పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. తమ్ముడు ఏది కోరుకుంటాడో తెలియదు గనుక అన్న ఏ వాటాలోనూ మోసం చేయలేడు. మంచాలకూ గంగాళాలకూ చానా చక్కటి పద్ధతి. కంప్యూటర్ ఉంటుందని ఈ పద్ధతి పెట్టిన వాళ్ళెవరూ అనుకుని ఉండరు.

పెదనాన్న న్యాయంగానే పెట్టాడు. ఒక వాటాలో టీవీ పెట్టాడు గనుక రెండో వాటాలో నల్ల పలక పెట్టాడు. పలక పెట్టిన వైపు కుట్టు మిషను పెట్టాడు గనుక టీవీ వైపు టేప్ రికార్డరూ, ఎలిమినేటరూ పెట్టాడు. క్యాసెట్లు పేకముక్కలు పంచినట్టు ఇటొకటీ అటొకటీ వేశాడు. వైర్లు కూడా చెరొకటి.

అక్క వాకిలి గడప మీదనుంచి, అదంతా కలిపి ఒకటే వస్తువు, విడిగా దేనికీ పనికిరాదని చెప్పింది. గొంతు పెంచలేదు, పుస్తకంలో బొమ్మ కూడా తీసుకొచ్చి చూపించింది. ముప్పాళ్ళ తాత ఆ బొమ్మ వంక మర్యాదగా చూసి, పుస్తకం ఏ వాటాలోకి వెళ్ళిందని అడిగాడు. ఆ తర్వాత అన్నాడు:

"అమ్మాయ్, పొద్దున జత ఎద్దుల్నే విడదీశాం. పెట్టె ఎంత?"

అది నిజం. దాపటి ఎద్దు మాకొచ్చింది, వలపటిది వాళ్ళకెళ్ళింది. చిన్నప్పట్నుంచీ ఎడమ కాడి కింద నడిచిందాన్నీ, కుడి కాడి కింద నడిచిందాన్నీ విడదీసి, రెండిళ్ళూ తర్వాత చెరో కొత్త ఎద్దును వెతుక్కున్నాయి. ఆ యేడు మా చేలో చాళ్ళు చూస్తే దున్నినవాడు తాగి ఉన్నాడేమో అనిపించేది. అయినా ఎవరూ తప్పు జరిగిందనలేదు. వాటా సమానంగా వచ్చిందిగా, ఇంకేం కావాలి.

నాన్న టీవీ ఉన్న వాటా కోరుకున్నాడు. పలక పెదనాన్న వైపు వెళ్ళింది. అంటే అక్క దగ్గర మీటలున్నాయి, కరెంటు లేదు, తెర లేదు. మా దగ్గర కరెంటూ తెరా ఉన్నాయి, మీటలు లేవు. రెండిళ్ళ వాళ్ళూ ఎవరన్నా వస్తే మాకు కంప్యూటర్ ఉందనే చెప్పేవాళ్ళు. మా అమ్మ ఎలిమినేటర్‌కు కుట్టుపూల గుడ్డ కప్పింది.

వాకిట్లో అడ్డంగా గోడ లేచింది. మా వైపు నాపరాళ్ళకు కరువు లేదు, కోపం వచ్చినంత వేగంగా గోడ కట్టుకోవచ్చు. రొమ్ము ఎత్తు దాకా పేర్చి, పైన వెడల్పు నాపరాయి పరిచారు. గోడ ఉమ్మడిది గనుక తాత ఒక షరతు పెట్టాడు: దాని మీద ఎవరూ బట్టలు ఆరేయకూడదు, మిరపకాయలు ఎండేయకూడదు, అసలు ఏ వస్తువూ పెట్టకూడదు. పెడితే గొడవ అక్కడ మొదలవుద్దన్నాడు. గోడ పని పూర్తయ్యేదాకా ఉంటానని ఆయన మా ఊళ్ళోనే దిగబడిపోయాడు. ఒక పూట మా ఇంట్లో, ఒక పూట వాళ్ళింట్లో తినేవాడు. నాయనమ్మకు నెల నెలా వంతులు వేశారు.

సరిగ్గా అప్పుడు అక్కకు గుంటూరు సంగతి వచ్చింది. అక్కకు కాలేజీలో లెక్కలు చెప్పిన మేడమ్ కబురు పెట్టింది. గుంటూరులో పిల్లలకు కంప్యూటర్ నేర్పే సెంటర్ ఒకటి కొత్తగా తెరిచారట, నేర్పడానికి ఒకమ్మాయి కావాలట. వాళ్ళ దగ్గర ఉన్నవీ ఇట్లాంటి పలకలే. సోమవారం రమ్మన్నారు. నువ్వు సొంతంగా చేసింది ఏదన్నా క్యాసెట్లో తెచ్చి చూపించు, చూసి చెప్తాం అన్నారు. అక్క మొహం అట్లా వెలగడం నేను టెన్త్ రిజల్ట్స్ అప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడు. పెదనాన్న వెళ్ళి రమ్మన్నాడు. నాన్న కూడా నాతో, మంచిదే, వెళ్ళి రమ్మను అన్నాడు. దీవెనలకు గోడ అడ్డం లేదు.

ఎక్కాల క్యాసెట్ మా వాటాలో ఉంది. నేను వెతికి టేప్‌లో వేశాను. కీచుమనాలి. కీచుమనలేదు. ఓడిపోయిన అభ్యర్థి గొంతు వచ్చింది. ఎన్నికలప్పుడు నాన్న ఆయన మీటింగ్ రికార్డు చేయడానికి చేతికందిన క్యాసెట్ పట్టుకెళ్ళాడు. ఏడెనిమిదులూ, పొట్టేలూ, నాయనమ్మ ముద్దలూ అన్నీ చెరిగిపోయి, వాటి చోట ఒకాయన మనకు అన్యాయం జరిగిందని అరుస్తున్నాడు. నాకు ఆ రోజు మొదటిసారి ఆయనతో ఏకీభవించాలనిపించింది.

అక్కకు గోడ అవతల్నుంచి చెప్పాను. వేళ్ళ మీద వరసలు లెక్కపెట్టుకుంది. తర్వాత, మళ్ళీ కొట్టేస్తాను, ఎలిమినేటరూ టేపూ ఒక్క పూట ఇప్పించరా అంది.

నాన్నను అడిగాను. దాందేముంది, పిల్లకంటే ఎక్కువా, మా అన్నను వచ్చి ఒక్క మాట అడగమను అన్నాడు. పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. నా కూతురికి వాడు ఏమీ కానట్టు నేను వెళ్ళి అడగాలా, వాడే పంపించాలి అన్నాడు. మళ్ళీ నాన్న దగ్గరికి, మళ్ళీ పెదనాన్న దగ్గరికి. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, ఇద్దరికీ అక్కంటే ప్రాణం. ఆ కన్నీళ్ళు పట్టి పాదికి పోస్తే దోసకాయలన్నా కాసేవి. వస్తువు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నేను ఇంట్లో జోకులేసే వాణ్ణి. ఎవరన్నా గొంతు పెంచితే మధ్యలో ఒక మాట వేసి గాలి తీసేయడం నా ఉద్యోగం. ఆ రోజు నాకు ఒక్క జోకు కూడా రాలేదు. గోడను తన్నాలనిపించింది. అది నాపరాయి, కాలు నాది, అందుకని తన్నలేదు.

గోడ వంక చూస్తుండగా తట్టింది. ఏ వస్తువూ ఒక వాటాలోంచి ఇంకో వాటాలోకి వెళ్ళకూడదు, అంతేగా. వెళ్ళక్కర్లేదు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న ఒక టీ కొట్లో, పెదనాన్న ఇంకో టీ కొట్లో ఉండగా, మా వైపు గోడ పక్కన స్టూలు వేసి టీవీ పెట్టాం. దాని కిందే టేప్ రికార్డరూ ఎలిమినేటరూ పెట్టి, వసారాలోంచి వైరు లాగాం. అటు వైపు నుంచి అక్క నల్ల పలక చంకలో పెట్టుకుని వచ్చి గోడ మీద ఉంచింది. మద్రాసు షాపువాడి మాట అప్పుడు నిజమైంది. నాపరాయి ఎండకు పెనంలా ఉంటే పెద్దమ్మ దుప్పటి మడిచి కింద వేసింది. మా అమ్మ గొడుగు తెచ్చి నా చేతికిచ్చింది. గోడ లేచాక వాళ్ళిద్దరూ ఒక పనిలో చేయి కలపడం అదే మొదలు. కలిపారని ఎవరన్నా అంటే ఇద్దరూ ఒప్పుకోరు.

అక్క వాళ్ళ వైపు పీట మీద నిలబడి కొడుతోంది. నేను మా వైపు, ఎండ పడకుండా టీవీకి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పెళ్ళిలో పెళ్ళికొడుక్కి పట్టిన దానికంటే భక్తిగా పట్టాను. ఎండకి తెర సరిగ్గా కనపడక అక్క అడిగితే నేను చదివి చెప్పేవాణ్ణి. అక్క వేళ్ళు ఆగలేదు. ఏ వరస తర్వాత ఏ వరసో ఆమెకు తెలుసు. తిట్ల దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ, అప్పుడామెది మా ఇంటి నెల, గోడ కింద కూర్చుని ఒక్కోటీ అందించింది. పాతవాటికి ఈ గోడ గురించి రెండు కొత్తవి కలిపింది. అవి ఇక్కడ రాయను.

అంతా అయ్యాక అక్క ఒకసారి పరీక్ష చేసి, తప్పులుంటే దిద్ది, అప్పుడు రికార్డు చేద్దామంది. రెండిళ్ళ పిల్లలూ అప్పటికే గోడకు అటూ ఇటూ చేరారు. ఒకడు తప్పు కొట్టాడు. తెర మీద పొట్టేలు వచ్చింది. నేను చదివాను. పిల్లలు గోడకు రెండు వైపులా ఒక్కసారే నవ్వారు. పంపకాలయ్యాక ఆ వాకిట్లో అట్లాంటి చప్పుడు లేదు. అదే మా కొంప ముంచింది. అరుపులు వినపడితే మా వీధిలో ఎవరూ పట్టించుకోరు, నవ్వులు వినపడేసరికి ఏదో జరుగుతోందని రెండు టీ కొట్లలోంచీ ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

గోడ మీద వస్తువు పెట్టకూడదని ఒప్పందం, మీ వస్తువెందుకు పెట్టారు అన్నాడు నాన్న. మా పెట్టెలోకి మీ కరెంటు ఎందుకు పంపించారు, కాలిపోతే ఎవరిది పూచీ అన్నాడు పెదనాన్న. కరెంటు మాది, మీటరు మాది అన్నాడు నాన్న. పలక మాది, పిల్ల మాది అన్నాడు పెదనాన్న. టీవీని ఎండలో పెట్టింది ఎవరన్నారు. గొడుగు ఎవరిదన్నారు. నేను గొడుగు పట్టుకునే, రెండు నిమిషాలు ఆగండి, రికార్డు చేసుకోనివ్వండి, తర్వాత కొట్టుకోండి అన్నాను. నా మాట జోకనుకున్నారు. ఇన్నాళ్ళూ జోకులేసిన పాపానికి, నిజం చెప్పిన రోజు ఎవరూ వినలేదు.

అక్క టేప్ వైరు నా వైపు జారవిడిచింది. నేను ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో వైరు పట్టుకుని టేప్ దగ్గర కూర్చున్నాను. అప్పుడు లేచాడు ముప్పాళ్ళ తాత. ఆ పూట భోజనం మా ఇంట్లో, వసారాలో మంచం మీద కునుకు తీస్తున్నాడు. లేచి, కండువా దులుపుకుని, ఇద్దరి మీదా చెయ్యెత్తి, ముందు అది ఆపండ్రా, తర్వాత మాట్లాడదాం అంటూ, ఆయన పద్ధతిలో ఆయన, గొడవకు మూలం ఏదో దాన్ని తీసేశాడు. వసారాలో ప్లగ్గు లాగాడు.

తెర మధ్యలోకి ముడుచుకుని, చుక్కయి, ఆరిపోయింది.

తాత తృప్తిగా మంచం మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పండి. అసలు గొడవేంది?" అన్నాడు.

అక్క పీట దిగలేదు. గోడ మీద రెండు చేతులూ పెట్టి, ఆయన వంకే చూస్తూ చెప్పింది. "ఏమీ లేదు తాతా. ఇప్పుడేమీ లేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఏమీ లేదంటే సర్దుకుందనుకుని నవ్వాడు కూడా. బాబాయ్, నాకు నాన్న మీదా పెదనాన్న మీదా వచ్చిన కోపం ఎప్పటికన్నా చల్లారుద్దేమో. ఆ నవ్వు మీద వచ్చింది మాత్రం చల్లారలేదు. ఒక మనిషి మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి కట్టిందాన్ని కూల్చి, శాంతి కుదిర్చాననుకుని మజ్జిగ అడిగాడు. మా అమ్మ ఇచ్చింది. ఉప్పు మాత్రం వెయ్యలేదు, అది ఆమె నిరసన.

సోమవారం తొలి బస్సుకు అక్క బయల్దేరింది. ఎవరినీ తోడు రమ్మనలేదు, నేనే ఎక్కాను. చేతిలో క్యాసెట్ లేదు, భోజనం క్యారేజీ ఉంది. దారంతా కిటికీ వైపే చూసింది. సత్తెనపల్లి దాటాక ఒక్కసారి, నాయనమ్మ గోడ గురించి చెప్పిన రెండోది ఏందిరా అని అడిగింది. చెప్పాను. పెదాలు కదుపుతూ గుర్తుపెట్టుకుంది.

గుంటూరులో సెంటర్ నడిపే ఆయన క్యాసెట్ ఏదమ్మా అన్నాడు. లేదండీ, ఒక మిషను ఇస్తే ఇప్పుడే కొట్టి చూపిస్తాను అంది అక్క. ఆయన గడియారం చూసుకుని, సరే కూర్చోండి అన్నాడు, పోనీలే అన్న గొంతుతో. అక్క కూర్చుంది. నేను వరండాలో కూర్చున్నాను. మీటల మెత్తటి చప్పుడు ఆగకుండా వినపడింది. మూడోసారి కొడుతోంది, ఇంక ఆమె దాన్ని గుర్తు చేసుకోవడం లేదు. భోజనాల వేళకు ఆయన్ని పిలిచింది. ఆయన ఒక లెక్క సరిగ్గా చేశాడు, రెండోది చేశాడు. అక్క, ఒకటి తప్పు కొట్టండి అంది. ఆయన కొట్టాడు. కాసేపు తెర వంక చూసి, మొహం తుడుచుకుని, ఎవరమ్మా ఈ మాటలు నేర్పింది అని అడిగాడు. మా నాయనమ్మ అని చెప్పింది. ఆయన ఇంకోటి తప్పు కొట్టాడు. ఆ పైన ఇంకోటి.

ఉద్యోగం ఇచ్చారు. ఆడపిల్లల హాస్టల్లో ఉంటోంది.

ఇక నా కోపం ఏందంటావా. ఇప్పుడు ఒక టీ కొట్లో మా పెదనాన్న, నేను మద్రాసు నుంచి పెట్టె తేబట్టే మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని చెప్తాడు. ఇంకో టీ కొట్లో మా నాన్న, నా కరెంటుతో నేర్చుకుందని చెప్తాడు. ఇద్దరి మాటనూ చెరో కొట్టు నమ్మింది. ముప్పాళ్ళలో తాత కూడా, ఆ రోజు నేను లేకపోతే ఆ పిల్ల బతుకు ఏమయ్యేదో అంటున్నాడట. పలక వాళ్ళ అద్దాల బీరువాలో ఉంది, ఎలిమినేటర్ మా బీరువాలో ఉంది. రెంటి మీదా కుట్టుపూల గుడ్డలున్నాయి. నేను ఆ రెండూ ఒక చోట పెట్టండని ఇంకా అడుగుతూనే ఉన్నాను, వాళ్ళు ఇంకా ఒకరినొకరు అడగమంటూనే ఉన్నారు.

అక్క నెలకోసారి వస్తుంది. ఏ గుమ్మంలోకి ముందు వెళ్ళినా రెండో గుమ్మం వాళ్ళు అలుగుతారు గనుక రెంట్లోకీ వెళ్ళదు. గోడ దగ్గర నిలబడి నాయనమ్మను పిలుస్తుంది. నాయనమ్మ ఏ ఇంటి వంతులో ఉంటే ఆ వైపు నుంచి వస్తుంది. గుంటూరు పిల్లలకు పాత తిట్లన్నీ కంఠతా వచ్చేశాయట, ఎవరూ తప్పు కొట్టడం లేదట, కొత్తవి కావాలంటుంది. నాయనమ్మ గోడకు చేరగిలబడి, ఇద్దరు కొడుకుల్నీ ఒకరి తర్వాత ఒకర్ని తలుచుకుంటూ, తీరిగ్గా ఇస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు ఎంతసేపు ఇచ్చిందంటే అక్కకు సాయంత్రం బస్సు తప్పిపోయింది.

కొనుక్కో బాబాయ్. కానీ ముందు మీ అన్నదమ్ములు ఏ టీ కొట్లో తాగుతున్నారో చూసుకుని కొనుక్కో.